గూడబాతుతో పంపిన సారె

గురమ్మ టీకొట్టు దగ్గర ఆ పొద్దున్న చినబాబు గొంతు రోజూ కంటే పెద్దదయింది. కారణం ఉంది. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఝాన్సీ అటవీశాఖ ఉద్యోగి. వలస పక్షుల కాపలాకు ఊళ్ళో ఒకరిని ఎంచుకోవడానికి వచ్చింది. చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతుల్ని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే ఊరు మాది. ఆ కాపలా దొరికితే జీతం కంటే పరువు ఎక్కువ.

"మేడమ్, మొన్న మా పెరటి సెట్టు మీద నలభై రెండు గూడబాతుల్ని ఉత్త కళ్ళతో లెక్కెట్టీసినాను. బైనాక్యులరుతో పనేటి? అందులో ఒక పెద్దది నన్ను సూసి రెక్కూపినాది. దాని కాల్లో ముల్లు దిగితే నేనే కదా తీసినాను, గేపకం ఎట్టుకున్నాది."

"పచ్చికి గేపకమేటి బావా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న లక్ష్ముడు.

"నీకు లేదని దానికీ ఉండదేటి? ఇనరా. ఆ తరవాత ఏటైనాదో తెలుసా? కిందకి దిగి, ముక్కు కింద సంచి తెరిసి, నాలుగు కేజీల సేపలు మా గుమ్మంలో కుమ్మరించినాది."

"మసాలా కూడా తెచ్చినాదా?"

"ఎటకారమాడకు. పోయినేడు అది పిల్లల్తో ఎల్లిపోతంటే సారె ఎట్టకుండా పంపుతానా? సలివిడి తట్ట నెత్తినెట్టుకుని దాని ఈపెక్కీసినాను. టెక్కలి దాటినాం, హిమాలయాలు దాటినాం, ఇమానం ఎదురొచ్చి హారన్ కొడితే మా గూడబాతే సైడిచ్చినాది. సైబీరియాలో దిగినామా, పచ్చులన్నీ సుట్టూ మూగి, కాపలాకి ఇక్కడే ఉండిపో నాన్నా అని ఒకటే ఏడుపు!"

"అంత చలికి చలివిడి గడ్డకట్టలేదా?" ఝాన్సీ అడిగింది.

"సంకలో ఎట్టుకున్నాను మేడమ్."

పొయ్యి పక్కన బోర్లించిన గంప కింద ఏదో గుర్రుమంది. గురమ్మ గంప ఎత్తింది. జానెడు ముక్కు తెరుచుకుని గూడబాతు పిల్ల.

"తెల్లారి మీ పెరట్లోనే గూట్లోంచి పడిపోనాది సినబాబూ. తల్లి దగ్గరికి సేర్చాల. నీ మనవరాలే కదా, ఎత్తుకో."

చినబాబు ఒక్క గెంతులో బల్ల మీదున్నాడు. "పొడుస్తాది వొదినా! తీసీ, తీసీ!"

"తెల్లారి కూడా ఇలాగే అరిసి గదిలో తలుపేసుకున్నాడు మేడమ్," అంది గురమ్మ. " ఈడి పెళ్ళాం పద్మకుమారే దీన్ని కొంగులో సుట్టి తెచ్చి ఈ గంప కింద ఎట్టినాది."

ఝాన్సీ కాగితం తీసి పద్మకుమారి పేరు రాసింది.

బల్ల మీంచి దిగకుండానే చినబాబు అన్నాడు: "నేర్పించింది నేనే మేడమ్!"