‘ముట్టుకోకండి’ సారు గారికి మా డయాలసిస్ విభాగం వీడ్కోలు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కాతో, చంకలో సర్టిఫికెట్ల కవరుతో, ముఖాన నవ్వన్నది మచ్చుకైనా లేని ఒక యువకుడు మా ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియనుగా విధుల్లో చేరారు. అప్పటికి మా విభాగమంటే మందుల గిడ్డంగి వెనక ఒకే ఒక్క గది. అందులో నాలుగు మంచాలు, నాలుగు యంత్రాలు. ఆనాటి ఆ యువకుడే ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన ‘ముట్టుకోకండి’ సారు గారు. వారి అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప మరెక్కడా కనబడదు, వినబడదు. అందుచేత ఈ అభినందన వ్యాసంలోనూ ఆ బిరుదునే వాడుకుంటున్నాం. కోప్పడితే కోప్పడనివ్వండి, ఇంకెన్నాళ్లు కోప్పడతారు కనుక!

వారి కుటుంబ సభ్యులలో మా గదిలోకి ఎన్నడూ అడుగుపెట్టని వారి కోసం ఒక్కమాట. మూత్రపిండాలు పనిచేయడం మానేసిన మనిషి రక్తాన్ని సన్నని గొట్టాల గుండా బయటికి తీసి, శుద్ధిచేసి, తిరిగి ఒంట్లోకి పంపడమే మా పని. ఆ గంటలన్నీ ఆ మనిషి ప్రాణం కొంత మంచం మీద, కొంత గొట్టాల్లో ఉంటుంది. ఈ సత్యాన్ని సారు చేరిన మొదటి రోజునుంచే ఎంత గాఢంగా నమ్మారంటే, ఆ యంత్రాల మీద ఈగను వాలనిచ్చేవారు కాదు. అలారం మోగితే మీట నొక్కబోయిన నర్సును, పీడనం ఎంతుందో చూద్దామని వంగిన డాక్టరు గారిని, చక్రాల కింద తుడవబోయిన ఆయాను, అందరినీ సమదృష్టితో ఒకే మాటతో ఆపేసేవారు: “ముట్టుకోకండి!”

“నా తుడుపుగుడ్డ తగిలినా ఆయనకే షాకు కొట్టినట్టు ఎగిరిపడతాడమ్మా,” అని ఆయా వాపోయేది.

అయితే వారి పనితనానికి వంక పెట్టగలిగిన వారు లేరు. ఒళ్లు కాలిపోయే జ్వరంతోనూ విధులకు వచ్చారు. సెలవు అన్న మాట వారి నోట మేము వినలేదు. “మీకు ఆ మిషన్లనే ఇచ్చి పెళ్లి చేసి ఉంటే సరిపోయేది,” అని వారి శ్రీమతి గారు అనేవారట. తాను లేనిదే ఆ గది లేదన్న నమ్మకం వారిలో ఏటికేడాదీ పెరిగింది. ఆ నమ్మకం వారికి గర్వకారణంగానూ, మాకు నిశ్చింతగానూ ఉండేది. రోగులను మాత్రం వారు మంచం అంకెతోనే పిలిచేవారు.

వారి ఉద్యోగ జీవితాన్ని రెండుగా చీల్చిన ఉదంతాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. ఈ వీడ్కోలు సంచికలో మంచి మాటలే ఉండాలని మేమనుకున్నా, “అది రాయకపోతే నా గురించి ఇంకేమీ రాయకండి” అని వారే పట్టుబట్టారు. సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మీకు తెలియనిది కాదు.

కరెంటు పోయినప్పుడు రక్తాన్ని నడిపించే పంపును చేత్తో తిప్పడానికి ప్రతి యంత్రానికీ ఒక చిన్న హ్యాండిల్ ఉంటుంది. ఎవరైనా తెలిసీ తెలియక తిప్పుతారేమోనన్న భయంతో సారు ఆ నాలుగు హ్యాండిళ్లనూ తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. తాళంచెవి వారి జేబు దాటి ఎరగదు.

ఒక వేసవి మధ్యాహ్నం, నాలుగు మంచాల మీదా రోగులుండగా, కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నాలుగు యంత్రాలూ ఒక్కసారిగా కీచుమన్నాయి. పంపులు నిలిచిపోయాయి. గొట్టాల్లో నిలిచిన రక్తం నిమిషాల్లో గడ్డకడుతుంది. సారు పరుగున వెళ్లి బీరువా తెరవబోయారు. తొందరలో తాళంచెవి జారిపడింది. వంగి, వెతికి, తీసి, హ్యాండిళ్లు పట్టుకుని మొదటి యంత్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డారు. గొట్టాన్ని నొక్కిపట్టిన క్లిప్పును వదులు చేసి, సెలైను వదిలి, హ్యాండిల్‌ను బాణం గుర్తు వైపు నిదానంగా తిప్పుతూ, రక్తమంతా ఒంట్లోకి చేరేదాకా గొట్టంలో గాలిబుడగలను పట్టి ఆపే బుడగల గది మీదే చూపు నిలపాలి. తొందరపడితే గాలి లోపలికి పోతుంది. గాలి పోతే మనిషి పోతాడు.

“నేనొకటి తిప్పనా సార్?” అంది పెద్ద సిస్టర్.

“ముట్టుకోకండి! ఎప్పుడైనా చేశారా మీరు?”

ఆమె ఎప్పుడూ చేయలేదు. చేయనిచ్చిన వారు లేరు.

మొదటి మంచం అయింది. రెండోది అయింది. సారు చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నాలుగో మంచం మీద ఒక దర్జీ పడుకుని ఉన్నారు. ఆయన తల దగ్గర నిలబడిన భార్య గొట్టం రంగు మారుతూండడం చూస్తూనే ఉంది.

“ఏం చెయ్యాలో చెప్పండి బాబూ, నేను చేస్తాను!”

“ముట్టుకోకండమ్మా! వస్తున్నా, వస్తున్నా!”

మూడో మంచం ముగించి వారు నాలుగోదాని దగ్గరికి చేరేసరికి గొట్టం నేరేడుపండు రంగుకు తిరిగింది. హ్యాండిల్ బరువుగా సగం తిరిగి బిగుసుకుపోయింది. అసలే రక్తం చాలని మనిషికి ఒక గ్లాసు రక్తం ఆ గొట్టాల్లోనే పోయింది. సాయంత్రానికల్లా దర్జీ గారికి ఆయాసం ఎక్కువై అత్యవసర విభాగానికి తరలించారు.

బయటి బల్ల మీద సారు తల వంచుకుని కూర్చున్నారు. దర్జీ భార్య వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నారు, తిడితే బాగుండునని కూడా అనుకున్నారు. ఆమె తిట్టలేదు.

“నాకు రెండు చేతులున్నాయి కదా బాబూ,” అంది తన అరచేతులు చూసుకుంటూ. “పొద్దస్తమానం కుట్టుమిషను తిప్పే చేతులు. ఊరికే కట్టుకుని నిలబడ్డాను.”

ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని సారు మధ్యాహ్నం సంగతి చెప్పారు. జరిగింది విన్న శ్రీమతి గారు ఒకటే అడిగారు. “ఆ హ్యాండిళ్లు ఎక్కడుంటాయి?”

“నా బీరువాలో.”

“తాళం?”

సారు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది.

దర్జీ గారు బతికారు. మృత్యుముఖం నుంచి తిరిగి వచ్చి అదే నాలుగో మంచం ఎక్కేనాటికి ప్రతి యంత్రం పక్కనా దాని హ్యాండిల్ ఎర్రటి తాడుతో కట్టి వేలాడుతోంది. ప్రతి నెలా మొదటి శనివారం, రోగులు లేని వేళ, గొట్టాల్లో ఎర్రరంగు నీళ్లు నింపి, నర్సులకూ ఆయాలకూ రోగుల బంధువులకూ సారు తిప్పడం నేర్పసాగారు. “పొరపాటు జరిగితే నీ మెడకే చుట్టుకుంటుంది,” అని సూపరింటెండెంటు గారు హెచ్చరించారు. “ఇప్పటికే చుట్టుకుని ఉంది సార్,” అన్నారట మన సారు. మొదటి శిష్యురాలు దర్జీ గారి భార్యే. ఆమెను అందరం దర్జీ అక్క అనడం అప్పటినుంచే మొదలైంది.

“కుట్టుమిషను వెనక్కి తిప్పితే దారమే తెగుతుంది. ఇక్కడ ప్రాణం తెగుతుంది, అంతేగా?” అందామె మొదటి పాఠంలోనే.

నిజం చెప్పాలంటే, సారు అప్పట్లో పరమ దుర్భరమైన ఉపాధ్యాయులు. ఎవరి చెయ్యి తడబడినా అరిచేవారు; అరిచి, హ్యాండిల్ లాక్కుని తామే తిప్పేసేవారు. “ఇట్లా అరిస్తే వచ్చింది కూడా మర్చిపోతాం సార్,” అని పెద్ద సిస్టర్ ముఖం మీదే అనేసింది. ఆ జబ్బుకు మందు వేసినవారు దర్జీ గారే. మంచం మీద ఊసుపోక ఆయన సారుకు కుట్టుపని నేర్పడానికి పూనుకున్నారు. ఒక చేతికి సూదులు గుచ్చి ఉండగా కదలలేరు కదా! కత్తెర పట్టుకోలేరు, గుడ్డ లాక్కోలేరు. అంతా నోటితోనే చెప్పాలి. సారు వంకరగా కత్తిరిస్తే, “ఫరవాలేదు, ఇంకోసారి” అనడం తప్ప ఆయనకు గత్యంతరం లేదు. అవతలివాడి చెయ్యి పట్టుకోకుండా నేర్పవచ్చునన్న విద్య సారుకు అక్కడే అబ్బింది. ఆ చదువు ఫలితంగా తయారైన చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. వారు దాన్ని ఒకరోజంతా తొడుక్కుని వార్డులో తిరిగారు. మంచాల మీదివాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు, వారూ నవ్వారు. సారు పళ్లు ఎలా ఉంటాయో మా విభాగం చూసింది ఆనాడే.

అటుపై వారు మంచాల అంకెలు మానేసి మనుషులతో మాట్లాడారు. శ్రీమతి గారితో కలిసి ఊళ్లు చూడడానికి సెలవులు పెట్టారు. ఆదివారాలు పొరుగు ఆసుపత్రులకు సొంత ఖర్చుతో వెళ్లి ఇదే పాఠం చెప్పారు. దర్జీ గారు మరి చాలాకాలం బతికి, నిద్రలో ప్రశాంతంగా వెళ్లిపోయారు. ఆ తరువాత కూడా దర్జీ అక్క రావడం మానలేదు. కొత్త రోగుల పక్కన కూర్చుని ధైర్యం చెబుతుంది. శనివారం పాఠంలో సారు పక్కన నిలబడుతుంది. వారిని ‘తమ్ముడూ’ అని పిలిచేది మా ఆసుపత్రి మొత్తానికీ ఆమె ఒక్కతే.

నాలుగు యంత్రాలు పన్నెండయ్యాయి. విభాగం కొత్త భవనంలో మూడో అంతస్తుకు చేరింది. విరమణ దగ్గరపడేకొద్దీ సారులో పాత దిగులు మళ్లీ తలెత్తింది. నేను లేని రోజున కరెంటు పోతే? ఈ ప్రశ్న వారి చెవిలో జోరీగలా తిరిగింది. ఎవరికీ చెప్పకుండా, మరో రెండేళ్లు కొనసాగించమని కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. సంగతి తెలిసిన శ్రీమతి గారు, “తాళం మళ్లీ జేబులోకి వచ్చిందా?” అని మాత్రం అన్నారట.

గత నెలలో ఒక పగటివేళ సారు కింద గిడ్డంగిలో ఉండగా కరెంటు పోయింది. వారు చెవులు రిక్కించి నిలబడ్డారు. జనరేటరు శబ్దం రాలేదు. లిఫ్టు ఆగిపోయింది. మెట్లకు అడ్డంపడి, మోకాళ్లు మొరాయిస్తున్నా పైకి పరుగెత్తారు. పైన పన్నెండు మంచాలూ నిండి ఉన్నాయని తెలుసు. మెట్టు మెట్టుకూ కళ్లముందు ఆ నేరేడుపండు రంగు గొట్టమే. రెండో అంతస్తు దగ్గర ఎవరో పలకరించినా వినబడలేదు. తలుపు తోసుకుని గదిలో పడ్డారు.

కిటికీల వెలుగులో అలారాలు గోల పెడుతున్నాయి. ప్రతి మంచం పక్కనా ఒక మనిషి. నర్సులు, ఆయాలు, ఒక రోగి అన్నగారు, మరో రోగి కూతురు. “నిదానం, నిదానం, బుడగ మీదే చూపు,” అంటోంది పెద్ద సిస్టర్, తన చేతిలోని హ్యాండిల్ ఆపకుండానే. కిటికీ పక్క మంచం మీద, ఆ వారమే చేరిన ఒక బక్కపలచని బడిపంతులమ్మ బిగుసుకుని పడుకుని ఉంది. ఆమె యంత్రం దర్జీ అక్క చేతిలో ఉంది. ముసలి చేతులు, తట్టుకుంటాయా? సారు మూడంగల్లో అక్కడికి చేరి హ్యాండిల్ మీదికి చెయ్యి చాపారు.

“ముట్టుకోకు తమ్ముడూ!” అంది అక్క, బుడగల గది మీంచి చూపు తిప్పకుండా. “చెయ్యి మారితే పంపు ఆగుతుంది.”

చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది. మెల్లగా వెనక్కి వెళ్లింది. సారు రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని గది మధ్యలో నిలబడ్డారు. తిప్పడం కన్నా నిలబడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసిందని తరువాత చెప్పారు. “రెండో మంచం అయింది సార్!” అని ఒక గొంతు. “తొమ్మిది అయింది!” అని ఇంకోటి. ఒక్కొక్క కేకా వస్తోంది, అలారాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. చివరికి ఒక్క మంచమే మిగిలింది, ఎనిమిదోది. అక్కడున్న ఇప్పటి ఆయా, ఒకనాడు తుడుపుగుడ్డ తగిలించి తిట్లు తిన్న ఆయా కూతురే. ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. అందరి తలలూ అటు తిరిగాయి. సారు వేళ్లు వీపు వెనక ఒకదాన్నొకటి నొక్కుకుని తెల్లబడ్డాయి. వారు కదల్లేదు.

“అయిపోయింది సార్,” అందామె, నుదురు భుజానికి తుడుచుకుంటూ. “చుక్క కూడా పోలేదు.”

కరెంటు ఇంకా రాలేదు. సారు బడిపంతులమ్మ మంచం అంచున కూర్చుని కాసేపు కళ్లు తుడుచుకున్నారు. ఆ తరువాత కిందికి దిగి ఆఫీసులో తమ దరఖాస్తు వెనక్కి అడిగారు.

“అదేంటి సార్, ఇంకో రెండేళ్లు ఉంటానన్నారుగా?” అన్నాడు గుమాస్తా.

“నాతో అవసరం లేదయ్యా అక్కడ,” అన్నారు సారు. “ఎంత హాయిగా ఉందో నీకు చెప్పినా తెలియదు!”

పూజ్యులైన సారు గారూ! మీరు మాకు నేర్పిన విద్య మా చేతుల్లో ఉంది. అది ఎవరి బీరువాలోనూ ఇక చేరదు. మీకూ, ఇన్నేళ్లు మిమ్మల్ని మాకు అరువిచ్చిన శ్రీమతి గారికీ నిండైన ఆరోగ్యం, నిబ్బరమైన మోకాళ్లు, చూడాలనుకున్న ఊళ్లన్నీ చూసేంత దీర్ఘాయుష్షు కలగాలని, రెండు చేతులూ సమానంగా ఉన్న చొక్కా ఒక్కటైనా మీరు కుట్టగలగాలని మనసారా కోరుకుంటున్నాం. నెలనెలా మొదటి శనివారం గది మధ్యలో మీకోసం కుర్చీ వేసి ఉంటుంది. తప్పక రండి, కూర్చోండి, కడుపునిండా నవ్వండి. యంత్రాలను మాత్రం ముట్టుకోకండి సార్.