ఏడాదికో ఫోటో

2003 ఏప్రిల్. దేశమంతా కరువు. వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె, బడి వరండా. కృష్ణగిరి మిషన్ నుంచి జీపులో వచ్చిన పుష్పావతి, దాతలకు పంపడానికి ఏడాదికోసారి తీసే పిల్లల ఫోటోలు తీస్తోంది. ఆమె ఎదుట నాగక్క. నాగక్క కొంగు పట్టుకొని ఒక పాప.

"పోయినేటికంటే పొట్టిగా అయిందేమి నాగక్కా నీ బిడ్డ?"

"కరువు గదా టీచరమ్మా. తిండి లేక కుదించుకోని పోయింది."

"తిండి లేకుంటే సన్నగిల్లుతారు. పొట్టిగా అవుతారా ఎవరైనా?"

"మా ఇండ్లల్లో అవుతారమ్మా. తీసేయండి పోటో, ఎండెక్కుతా ఉండాది."

"ఉండు, ఉండు. ఏం పాపా, నీ పేరేమి?"

"నందిత."

"ఎన్నో క్లాసు?"

"నాలుగు."

"అట్లయితే ఈ పలక మీద నీ పేరు రాయి, చూస్తాను. ఏం, రాయవే?"

"అమ్మా, ఇది నువ్వు నేర్పించలేదు గదా?"

"మరిచిపోయిందిలెండి టీచరమ్మా. బడికి పోక మూడు నెలలాయ. మీరే రాసేయండి."

"సరే. క్రిస్మస్సుకు పంచిన తెల్ల గౌను యాడ? ఫోటోకు అదే తొడిగించమని చెప్పి పంపినాను గదా."

"ఉతికినాను. ఆరలేదు."

"ఈ ఎండకా?"

"కాదు, ఎలుకలు కొరికినాయి."

"ఉతికినావా, ఎలుకలు కొరికినాయా?"

"రెండూనమ్మా."

"నాగక్కా, నన్నేమనుకున్నావు? ఇది ఐశ్వర్య, నీ చిన్నకూతురు. నాకు తెలీదా? నందిత యాడ?"

"మా అమ్మకాడ ఉండాది. డెంకణికోట పక్కన."

"జీపుండాది. పోయి పిలుచుకోని వస్తాము, పద."

"వద్దండి! ఆడ... ఆడ లేదు."

"మరి యాడ? ఓహో. బెంగుళూరికి పంపినావా? ఇండ్లల్లో అంట్లు తోమేదానికి? ఈ పక్కంతా బ్రోకర్లు తిరుగుతా ఉండారని విన్నాను. నోరు తెరువు నాగక్కా!"

"ఔనమ్మా. పంపినాను. బెంగుళూరికి."

"తూ! నువ్వు తల్లివేనా? తొమ్మిదేండ్ల బిడ్డను!"

"అనండి. ఎంతైనా అనండి. బిడ్డ పేరు మీద నెలనెలా మీరిచ్చే బియ్యం మటుకు నిలపొద్దండి."

"నిలపకుండా ఏం చేసేది? ఇంటికి ఒక బిడ్డే అని రూలు. ఆ బిడ్డ ఈడ లేకుంటే ఫైలు మూసేయాల. కొత్త పేర్లు ఎక్కించొద్దని పైనుంచి ఉత్తరమొచ్చింది."

"అందుకే గదమ్మా ఆ పేరే ఉండనీమనేది. పేరు అదే, ఇల్లు అదే. ఇది రెండు దినాలుగా చింతచిగురు నములుతా ఉండాది. వాళ్ల నాయన కూలికని పోయి ఏడాదాయ, మనిషి జాడే లేదు. బోర్లన్నీ ఎండిపోయినాయి. మేకల్ని అమ్మేసినాను. ఇంగేముండాది అమ్మేదానికి?"

"యేసయ్య పేరు పెట్టుకోని అబద్ధం రాయమంటావా?"

"ఆయనకు నేను చెప్పుకుంటాను. మీరు రాయండి."

"ఈ బియ్యానికి దుడ్డు పంపే ఆవిడ, దేశం కాని దేశంలో పొద్దున్నే లేచి నీ నందిత పేరు చెప్పి ప్రార్థన చేస్తుంది. తెలుసునా నీకు?"

"ఇప్పటికీ చేస్తుందా?"

"చెయ్యకేం?"

"చెయ్యనీండి. ఆయమ్మకు మటుకు ఏమీ చెప్పొద్దండి."

"ఇట్ల చూడు, పోయినేడు తీసిన ఫోటో. గడ్డం కింద ఎంత మచ్చో. ఆవిడకు కండ్లు లేవా, కనుక్కోదా?"

"ఏదీ, ఇట్లియ్యండి."

"చూసినావు గదా, ఇయ్యి."

"ఇంకొంచేపు. దూడ తన్నిందమ్మా అప్పుడు. నేనే పసుపు పెట్టినాను."

"బిడ్డ మీద ఇంత ప్రాణమున్నదానివి ఎట్ల పంపినావో! సరే, నాకూ పిల్లలుండారు. ఈ ఒక్కసారికి తీస్తాను. నెల లోపల నందితను తెచ్చి నా కండ్ల ముందర నిలబెట్టాల. ఒట్టు పెట్టు."

"ఒట్టు పెట్టలేనమ్మా."

"ఇంతసేపూ నోటికొచ్చినవన్నీ చెప్పి, ఒట్టుకు వెనకాడతావా?"

"అబద్ధాలు ఇంకా ఎన్నైనా చెప్తాను. ఒట్టు వద్దు."

"ఏం మనిషివమ్మా! పాపా, పలక ఎత్తి పట్టుకో. గడ్డం దించు, ఇంకొంచెం. ఆ, చాలు. అయిపోయింది."

"అమ్మా, అయిపోయింది గదా. ఇంగ నేను ఐశ్వర్యనా?"

"ఊరుకోవే."

"బడిలోపల నా సంచిలో బన్నుండాది, పోయి తిను పాపా. నాగక్కా, ఆ పాత ఫోటో ఇట్లియ్యి."

"ఫైలులో కొత్తది పెట్టుకుంటారు గదా. ఇది నాకు విడిచిపెట్టండి."

"నీకెందుకు?"

"ఇంట్లో ఒక్కటీ లేదు."

"బిడ్డ తిరిగొస్తే పది తీసిస్తాను. ఏమి, మొకం తిప్పుకుంటావు? నాగక్కా, నా తట్టు చూడు. బిడ్డ యాడుండాది?"

"డెంకణికోట అవతల రాళ్ల క్వారీలో పని దొరికితే ముగ్గురమూ పోయినాము. మూడు దినాలు జొరం. శివరాత్రి మరుసటి దినం ఆడనే... ఆ తెల్ల గౌనుతోనే పూడ్చినాము."

"అయ్యో దేవుడా! నాగక్కా!"

"మెల్లిగా టీచరమ్మా, మెల్లిగా! ఊర్లో ఎవరికీ తెలీదు. మా అమ్మకాడ విడిచొచ్చినానని చెప్పినాను. తెలిస్తే మీదాకా వస్తాది, ఫైలు మూస్తారని."

"నెలకు పైనా! నేనేమేమో అంటా ఉంటే అన్నీ పడినావే..."

"పోటో తీసేసినారు గదా? బియ్యం వస్తాది గదా?"

"వస్తాదే తల్లీ. వస్తాది."

"అయితే మీ జీపు అద్దాలు ఎక్కించి, నన్ను కొంచేపు లోపల కూర్చోనిస్తారా? ఊర్లో యాడా లేదమ్మా చోటు. నా బిడ్డ కోసరం నేనింకా ఏడవనే లేదు."