పాముల ఓబులేసు మీద పడిన మాట

పాముల ఓబులేసంటే ఆ చుట్టుపక్కల ఏడు పల్లెల్లో తెలియనోళ్లు లేరంట. ఆయప్ప పాముల్ని ఆడించేవాడు కాదు, పట్టేవాడు. ఎవరింట్లో పాము దూరినా కబురు పోతాది, ఈయన ఒక కొంకి కట్టె, ఒక గుడ్డసంచి ఎత్తుకోని వస్తాడు, పట్టి సంచిలో ఏసుకోని కొండకింద తీసకపోయి వదిలేస్తాడు. వాళ్ల నాయనదీ అదే పని, తాతదీ అదే పని. ఉన్నోళ్లు సోలెడు కొర్రలిస్తారు, లేనోళ్లు చెంబుడు మజ్జిగిస్తారు. వానలు పడినాయంటే ఆయప్ప ఇంట్లో కూచ్చోని తిన్న దినం లేదనుకో.

ఏమైందంటే, సంత జరిగే ఊర్లో కాశీపతి అని ఒక శెనక్కాయల యాపారి ఉన్నాడు. ఆయన గోడౌన్లో ఒకసారి జెర్రిపోతు కనబడితే ఓబులేసు పట్టుకపోయినాడు. పదైదు దినాలకు మళ్లా ఇంగోటి, ఈసారి నాగుబాము. అప్పుడు కాయలు కొనేదానికి బయటూరోళ్లు నలుగురు వచ్చిండారు. ఓబులేసు పామును పట్టి, నోరు మూసుకోని పోయింటే సరిపోయేది. ఆయప్ప మనసులో ఏమీ లేదు గదా, అన్నాడంట, "అన్నా, పాములు నీ మీద ప్రేమతో రావడంలే, ఎలకల కోసం వస్తాండాయి. ఆ మూల పాత కాయ కుళ్లిపోతాంది, అది తీసేసి గోడకు బొక్కలు పూడ్చు, ఇంగ నాతో పనే ఉండదు" అని. కుళ్లిన కాయ అనే మాట ఆ బయటూరోళ్ల చెవిన పడె. ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు, రేపొస్తామన్నారు, పోయినారు. మళ్లా రాలేదు.

కాశీపతి అది మనసులో పెట్టుకున్నాడు. వచ్చే మంగళారం సంతలో, సుబ్బరత్నమ్మ బోండాల అంగడి ముందర నిలబడి, అందరూ వినేట్టు అన్నాడు. "పదైదు దినాల్లో రెండు పాములు యాడ్నుంచి వస్తాయప్పా? వాడే సంచిలో తెచ్చి వదుల్తాడు, వాడే వచ్చి పడతాడు. నేను కండ్లారా చూసినా." చూసింది లేదు పాడూ లేదు. అయినా చూసినా అన్నాక కాదనేదెవరు? పొద్దు మునిగేలోపల ఆ మాట ఏడు పల్లెలకూ చేరిపోయిందంట. ఇంగ చూడండి, కబురు రాదు. ఈ వారం రాదు, ఆ వారం రాదు. వానలు పడినాయి, అయినా రాదు. ఓబులేసు ఎదురొస్తే జనం ముందు ఆయప్ప సంచి దిక్కు చూస్తారు, తర్వాత మొగం దిక్కు చూస్తారు. పెండ్లాం మద్దమ్మ అనిందంట, "వాళ్లకే తెలుస్తాదిలే, నువ్వు నోరెత్తకుండా కమ్మగుండు" అని. కమ్మగుండినాడు, రెండు నెలలు. ఆలోపల నల్లగుట్లపల్లెలో గురవయ్య అనే ఆయప్ప పామును కట్టెతో కొట్టబోయి కరిపించుకున్నాడు. ఎనిమిది దినాలు ఆసుపత్రిలో పడుండి బతికి బయటపడినాడు. అంతకు ముందైతే ఓబులేసును పిలిచేవాళ్లే. పిలవకపాయె, పైగా ఏమన్నారు? ఆ పామును వదిలిందీ వాడేనేమో అన్నారు. ఆ మాట ఇన్నాక ఓబులేసుకు ముద్ద దిగలేదు. తెల్లారి బస్సెక్కినాడు.

టౌన్లో నాగవేణి అని ఒక వకీలమ్మ. ఆయమ్మకు చెప్పుకున్నాడు, అమ్మా, పోలీసు స్టేషన్కు పోతే వాళ్లేమన్నా చేస్తారా అని. ఆయమ్మ అనింది, "ఇట్లాంటి మాటల గొడవలకు కోర్టుకే పొమ్మంటారు పెద్దాయనా. పరువు తీసినాడని నేరం కేసు వేయొచ్చు, రుజువైతే ఆయనకు శిక్ష పడతాది. లేదా నా పని పోయింది, నష్టం కట్టియ్యండి అని ఇంకో దావా వేయొచ్చు. రెండూ ఏండ్లు పడతాయి, నీకు అబద్ధం చెప్పను. అన్నిటికంటే ముందు ఒక నోటీసు పంపిద్దాం, అన్న మాట వెనక్కి తీసుకో, లేకుంటే కోర్టుకు వస్తాం అని. కానీ యాడికి పోయినా ఒకటి కావాల. ఆ మాట నేను విన్నా అని చెప్పే మనిషి కావాల." ఓబులేసు నవ్వినాడంట. "ఏడు పల్లెలు విన్నాయి తల్లీ." "వినిందానికి సంతకం పెట్టేవాళ్లు ఎందరు?" అనిందంట ఆయమ్మ.

ఆ మాట నిజమే అయింది. ఆయమ్మ రాసిచ్చిన సాక్షి కాగితం పట్టుకోని ఇంటింటికీ తిరిగినాడు. విన్నామప్పా అంటారు, సంతకమంటే మాత్రం పొయ్యి మీద పాలు పొంగుతాండాయంటారు. ఒకడైతే, నేను విన్నా గానీ ఆ చెవి నాకు సరిగా ఇనబడదు అన్నాడంట. అట్ట నవ్వబాకండి, మీరైనా అదే అంటారు. ఆఖర్న బోండాల సుబ్బరత్నమ్మ దగ్గరికి పోయినాడు. అడగడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆయమ్మ అంగడి ఉండేది కాశీపతి స్థలంలో. ఊరికే నిలబడినాడు. ఆయమ్మే అనింది, "కాగితం యాడుండాది ఓబులేసూ?" "అక్కా, నీ అంగడి..." "తీసేయమంటే రోడ్డుకు ఆ పక్కన పెట్టుకుంటా. నా పొయ్యి ముందర నిలబడి అన్నాడు, వినలేదని ఎట్ట చెప్పేది?" అని చెయ్యి కొంగుకు తుడ్చుకోని సంతకం పెట్టింది.

నోటీసు పోయింది. ఇప్పుడు మీరేమనుకుంటాండారో నాకు తెలుసు, కాశీపతి ఇంట్లోకే పాము దూరింటాది, ఓబులేసు కాళ్లు పట్టుకోనింటాడు అని. దూరలేదు. కాశీపతి ఆ నోటీసును వాళ్ల వకీలుకు చూపిచ్చినాడు, వకీలు ఏమన్నాడంటే, సాక్షి ఉండాది, నువ్వు చూసినా అన్నావు, కోర్టులో ఏం చూసినావని అడుగుతారు, ఏం చెప్తావు అని. చెప్పేదానికి ఏముంది? సరే, పొరపాటయిందని కాగితం రాసిస్తా అన్నాడు. నాగవేణమ్మ ఓబులేసును అడిగింది, ఇది చాలా అని. "చాలదమ్మా. కాగితం నా పెట్టెలో ఉంటాది, మాట సంతలో ఉంటాది. యాడన్నాడో ఆడనే అనమను" అన్నాడు. దీనికి మాత్రం కాశీపతి నెల పైన నానబెట్టినాడు. కేసు ఏసేదానికి దినం పెట్టుకున్నారని తెలిసినాకనే వచ్చినాడు. మంగళారం, బోండాల అంగడి ముందర, నేల చూస్కుంటా ఏందో గొణిగినాడు. సుబ్బరత్నమ్మ జల్లిగంటె పక్కన పెట్టి, "నూనె చప్పుడులో ఇనబళ్లేదు సావుకారీ, ఇంగోసారి చెప్పు" అనింది. అప్పుడు గట్టిగా చెప్పినాడు, నేను చూడలేదు, చూసినానని అబద్ధం చెప్పినా, ఓబులేసు అట్లాంటోడు కాదు అని. ఓబులేసు తల ఊపి, మద్దమ్మను తోడుకోని ఇంటికి పోయినాడు, అంతే.

ఆ వారంలోనే నల్లగుట్లపల్లె నుంచి కబురొచ్చింది, అదీ గురవయ్య ఇంటి నుంచే. ఓబులేసు గడప ముందర నిలబడి, సంచిని తిరగేసి దులిపి, లోపలేమీ లేదని చూపిచ్చి అప్పుడు లోపలికి పోయినాడంట. "అదేంది ఓబులేసూ, మాకు నమ్మకముంది గదా" అన్నాడు గురవయ్య. "ఉండనీలే అన్నా" అన్నాడంట ఆయప్ప. ఆ దినం నుంచి బతికినన్నాళ్లూ ఏ ఇంటికి పోయినా అట్టనే దులిపి చూపిచ్చినాడు.

ఏడు పల్లెలు ఉన్నాయంటిని గదా, ఐదు పల్లెలు పిలిచినాయి. రెండు పిలవలేదు, ఇప్పటికీ ఎందుకు పిలవలేదంటే వాళ్లకే తెలీదు. కాశీపతి సుబ్బరత్నమ్మ అంగడి తీపిచ్చినాడు, ఆయమ్మ రోడ్డుకు ఆ పక్కన పెట్టుకునింది, యాపారం అక్కడే బాగుందంట. ఆ వకీలమ్మను మీకు చూపియ్యమంటే చూపిస్తా, పెద్దామె అయిపోయింది, మాట మాత్రం అట్టనే సూటిగా ఉంటాది. ఇంగ పొద్దు పోయింది, లేవండి. దావలో గడ్డి ఎక్కువుండాది, కింద చూస్కోని నడ్సండి.