మానిందా పాపా?

పాపారపట్టి పక్కన ఊళ్ళో సర్కారు నర్సు గది. బల్ల మీద ఏడేళ్ళ మోహనప్రియ, మోకాలి మీద ఎంతకీ మానని దెబ్బ. పక్కన అవ్వ పుట్టమ్మ. నర్సు మాదేశ్వరికి ఇవాళ ఓపిక అయిపోయింది.

“మళ్ళీ కాఫీపొడే! మూడు వారాలైంది పుట్టమ్మవ్వా. ఎన్నిసార్లు చెప్పేది?”

“నేను పెట్టలేదమ్మా. నువ్వు తిట్టినప్పుడే డబ్బా అటకెక్కించినాను.”

“మరి ఇదేమి? చీముతో కలిసి నల్లగా...”

“ఏమో తల్లీ. మా కాలంలో రక్తం కారితే అదే అద్దేది. ఇప్పుడు నీ మాటే. మారియమ్మ సాక్షి.”

“సరే, సరే. కొళాయి దగ్గర ఈ గిన్నె నిండా నీళ్ళు పట్టుకొని రా పో.”

“పోతా, పోతా.”

“మోహనా, సబ్బు నీళ్ళతో కడిగి అయోడిన్ పూస్తా. కొంచెం మండుతుంది.”

“మండనీలే అక్కా.”

“అవ్వ అబద్ధం చెప్పిందా? చెప్పు. తిట్టను.”

“అవ్వ కాదు. నేనే. స్టూలు వేసుకొని ఎక్కినా.”

“నువ్వా! ఎందుకే? చీము ఎక్కువైతే ధర్మపురి పెద్దాస్పత్రికి పోవాల, తెలుసునా?”

“పోతే అమ్మ వస్తుందా?”

“ఏమంటివి?”

“ఏం లేదు.”

“మోహనా.”

“అమ్మ, నాయన బెంగళూరులో బిల్డింగు పనికి పోయినారు కదా. ముందు పండగకే ఫోను, ఎల్లప్పన్ మామ అంగడికి. ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తుంది. ‘కాలు మానిందా పాపా’ అంటుంది.”

“నువ్వేమంటావు?”

“‘ఇంకా లేదమ్మా’ అంటా. అప్పుడు చానాసేపు మాట్లాడుతుంది. మట్టిలో ఆడొద్దు, తిన్నావా, జడ ఎవరు వేసినారు అని.”

“మానిందంటే?”

“ముందు చెయ్యి కోసుకున్నా కదా, అది మానింది అని చెప్పేసినా. ‘సరే, జాగ్రత్త’ అని పెట్టేసింది. మళ్ళీ చెయ్యనే లేదు.”

“అయ్యో నా తల్లీ...”

“అవ్వతో చెప్పొద్దక్కా.”

“చెప్పను. నా మాట విను. కాఫీపొడి జోలికి పోవద్దు. రోజూ కడిగి ఈ మందు పూసుకో, మానిపోనీ. ఆదివారం మాత్రం ఇంకా మానలేదనే చెప్పు.”

“అబద్ధం కదా?”

“ఆ పాపం నాకే రానీ.”

“అమ్మ కనిపెట్టేస్తే? లేదులే అక్కా. ఎట్ల కనిపెడుతుంది? చూసేకి రాదు కదా.”