డిప్యుటేషన్ సిస్టర్‌కు ఒక పేరుంది

అక్కలారా, అన్నలారా, డ్యూటీ దిగి యూనిఫాం మీదనే వచ్చిన చెల్లెళ్లారా! బాబురావు అన్నా, నీ ఇల్లాలు లేక నీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

మాణిక్యమ్మ స్టాఫ్ నర్సు. ఆమె సంతాప సభ ఆసుపత్రిలో జరగాలి కదా? ఉప్పుగూడ చర్చి హాల్లో ఎందుకు కూర్చున్నాం? రెండు ఆసుపత్రులనూ చోటు అడిగాం కాబట్టి! ఆమె సొంత ఆసుపత్రి, మన పాతబస్తీ ప్రసూతి ఆసుపత్రి, "ఆమె ఇప్పుడు మా దగ్గర పనిచేయడం లేదు" అంది. ఊరవతలి కొత్త ఆసుపత్రి, "ఆమె మా మనిషి కాదు, డిప్యుటేషన్ మీద వచ్చింది" అంది. బతికున్నంత కాలం ఇద్దరికీ కావాలి. పోయాక ఎవరికీ అక్కర్లేదు!

నేను నర్సును కాను. ఆసుపత్రి గేట్ల ముందు మైకు పట్టుకుని లొల్లి చేసేవాణ్ణి. మెత్తగా మాట్లాడడం నాకు రాదు. ఇవాళ నేర్చుకోను కూడా.

ఒక చోట నర్సులు తక్కువైతే ఇంకో చోటి నుంచి కొన్నాళ్లు పంపడం డిప్యుటేషన్. మంచిదే! కరోనాలో మాణిక్యమ్మ అడగకముందే కొత్త ఆసుపత్రికి వెళ్లింది. కానీ ఆపద తీరినా ఆర్డరు తీరదేం? భవనం కడతారు, రిబ్బను కోస్తారు, నర్సులను మాత్రం నియమించరు. పక్కింటి దుప్పటి లాక్కొచ్చి మనింటి చుట్టానికి కప్పుతారు. మరి పక్కింట్లో వణికేదెవరు? మొఘల్‌పురా తల్లులు! నొప్పులతో వచ్చి, "మాణిక్ ఆపా కిధర్ హై?" అని, మాణిక్ అక్క ఎక్కడని అడిగిన ఆ తల్లులకు ఎవరు జవాబు చెప్పారు?

కొత్త చోట ఆమెకు పేరే లేదు. "ఓ డిప్యుటేషన్ సిస్టర్!" అంతే. ఏం చేసిందో తెలుసా? సెలైన్ సూది కదలకుండా వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క చించి, దాని మీద తన పేరు రాసి, కోటుకు అంటించుకుంది. ఊడితే ఇంకోటి. ఎందుకక్కా అని మన పాతబస్తీ ఆసుపత్రి జూనియర్ నర్సు షారోన్ అడిగితే, "మంచానికి నెంబరుంటది, సిలిండర్‌కు నెంబరుంటది. నాకు పేరన్న ఉండాలె గదనే పోరీ" అందట.

తనిఖీ రోజున నర్సులను బస్సెక్కించి, లేని చోట ఉన్నట్టు చూపించే విద్య మీకు తెలుసు. ఒకసారి తనిఖీ అధికారి ఆమెను గుర్తుపట్టాడు. మొన్న ఇంకో ఆసుపత్రిలో చూశానే అన్నాడు. అందరూ నేల చూపులు! మాణిక్యమ్మ మాత్రం, "నేను గాడ లేను, ఈడ లేను సార్. బస్సుల ఉన్న" అంది. నవ్వండి, తప్పులేదు. ఆయనా నవ్వాడు. నవ్వి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నవ్వు మీదే నా కోపం.

తర్వాత ఛాతీలో నొప్పని సెలవు అడిగింది. జీతం ఇచ్చేది మేం కాదు, సెలవెలా ఇస్తామన్నారు కొత్త ఆసుపత్రిలో. పనిచేసే చోటే అడగమన్నారు సొంత ఆసుపత్రిలో. రెండు గుమ్మాలూ తిరిగి తిరిగి డ్యూటీకే పోయింది. వార్డులోనే కూలిపోయింది. ఛాతీ ఒత్తుతూ డాక్టరు "మాణిక్యమ్మా! మాణిక్యమ్మా!" అని పిలిచాడట. పేరెట్లా తెలిసింది? ఆ ప్లాస్టర్ చూసి!

శ్రీహరిరావు గారూ, ఆమె సొంత ఆసుపత్రికి మీరు సూపరింటెండెంటు. సభకు చోటివ్వకపోయినా మీరు వచ్చారు, దండం. మీరు చెడ్డవారు కారు. ఆర్డరు పైనుంచి వచ్చింది, నేనేం చేయనంటారు. కానీ మాణిక్యమ్మ ప్రాణం పోయిన చోటికే షారోన్‌ను పంపుతూ నిన్న సంతకం పెట్టింది మీ చెయ్యి కాదా? సమాధి మీద పూలు వాడాయా? ఆ ఆర్డరులోనూ "తాత్కాలికంగా" అనే రాశారు కదా!

మిత్రులారా, షారోన్ ప్లాస్టర్ చుట్ట తెచ్చింది. తలా ఒక ముక్క తీసుకోండి. మీ పేరు కాదు, మాణిక్యమ్మ పేరు రాయండి. గుండె మీద అంటించుకోండి. సార్, మీక్కూడా ఒకటి ఇస్తుంది. కాదనకండి.

ఇప్పుడు లేచి నిలబడదాం. మౌనం ఎంతసేపని అడగొద్దు. షారోన్‌ను పంపడం లేదని శ్రీహరిరావు గారు నోరు విప్పేదాకా.

లేవండి.