కామాలతో సహా

1991, జూబ్లీ హిల్స్. ప్రొఫెసర్ అచ్యుతరామయ్య గారి వరండాలో ఆయన పరిశోధక విద్యార్థిని భూలక్ష్మి నిలబడే ఉంది. కుర్చీలు బోలెడున్నా, కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు.

“...అయితే వ్యాసం మీద నా పేరు ఉండదా సార్?”

“ఎందుకుండదమ్మా! చివర కృతజ్ఞతల్లో ఉంటుంది.”

“కృతజ్ఞతలల్లనా? రాసింది నేను సార్.”

“రాయడం ఎవరైనా రాస్తారు. మొదటి పేరు నాది, రెండోది మా కోడలు పుష్పవల్లిది.”

“ఆమె ఏం జేసింది సార్?”

“టైపు చేయించింది.”

“అది గూడ నేనే జేపిచ్చిన. మోతీనగర్‌ల.”

“అబ్బబ్బ! పక్కనే ఫిల్మ్‌నగర్ ఉంది, పోయి అడుగు. రాసేదొకడు, తెర మీద పేరొకడిది. అక్కడెవరైనా నీలా ఏడుస్తున్నారా?”

“గది సినిమా సార్. గిది పరిశోధన. షూటింగులల్ల గుంపుల నిలవడే ఆడోళ్ల ఇండ్లకు వోయి, వాళ్ల మాటలు రికార్డు జేసి...”

“ఆ గోల నేనూ విన్నాలే. గిట్లట, గట్లట! అదో భాష, దానికో పరిశోధన! నా చెయ్యి పడబట్టి మనుషులు చదివేట్టయింది.”

“మీ చెయ్యి యాడ వడ్డది సార్?”

“యాడ వడ్డదట! ‘అవ్వ షూటింగుకు వోయింది’ అని పసిపిల్ల అంటే, నువ్వు ‘అమ్మ’ అని అర్థం రాశావు. నేను ‘నాయనమ్మ’ అని దిద్దాను. కాటికి కాళ్లు చాచిన ముసలివాళ్లను కూడా షూటింగులకు తోలుతున్నారని మూడు పేజీలు పెంచాను. నీ బుర్రకు తట్టిందా అది?”

“తట్టలే సార్.”

“మరి?”

“ఎవరు ఏ భాగం రాసిండ్రో సంతకం వెట్టి పంపుమన్నడు గదా పత్రిక సంపాదకుడు. మీరు రాసినంత మీరు జెప్పుండ్రి, నేను రాసినంత నేను జెప్త. లొల్లి వోతది.”

“నాతో వాటాలా! ఇటివ్వు ఆ కాగితం. ‘ఇందులో ప్రతి అక్షరం నాది. అచ్యుతరామయ్య.’ చాలా?”

“జర ఆలోచించుండ్రి సార్. ప్రతి అక్షరమా?”

“ప్రతి అక్షరం. కామాలతో సహా.”

“గట్లనే. కృతజ్ఞతలల్ల గూడ నా పేరు తీసేయుండ్రి.”

“ఇప్పుడు దారికొచ్చావు. ఇంతకీ ఎవడా సంపాదకుడు? మనవాడేనా?”

“వెంకటనర్సయ్య సార్. మా కరీంనగరాయన. నేను రాసిన అసలు ప్రతి గూడ ఆయన దగ్గరనే ఉన్నది. మా దిక్కు అవ్వంటే అమ్మ సార్. ‘కన్నతల్లిని నాయనమ్మను జేసిన పండితుడు ఎవలో, సంతకం తీస్కరా బిడ్డా’ అన్నడు.”