మిగతా నాలుగు రోజులు

నర్సు ట్రైనింగు ముగించి నెలైనా కాని ఆ పిల్ల, చాట్రాయి బస్సు కోసం నూజివీడు బస్టాండులో నిలబడింది. మామిడికాయల వ్యాపారి అయిన బాబాయి పక్కనే ఉన్నాడు. ఆయన సిఫారసుతో చేరిన నర్సింగ్‌హోమును ఆమె పన్నెండు రోజులకే మానేసింది.

"ఫ్యాను కింద ఉద్యోగం. మహారాణీగారికి ఏం లోటొచ్చింది?"

"లోటేం లేదు బాబాయ్. డాక్టరుగారి భార్య ఆవకాయ ముక్కలు తుడిపించారు. మూడేళ్ళు నేర్చిన చదువు కదా, ఎంతో శుభ్రంగా తుడిచాను."

"తుడిస్తే చేతులు అరిగిపోయాయా?"

"అరగలేదు. మొన్న చెట్టు మీంచి పడిన కూలీని తీసుకొచ్చారు. డాక్టరుగారు భోజనం చేస్తున్నారు, గుమ్మంలోనే ఆపమన్నారు. నేను వెళ్ళి విరిగిన కాలికి బద్దలు కట్టాను. చెప్పకుండా ముట్టుకున్నానని చివాట్లు పెట్టారు."

"అందుకని చాట్రాయా? అక్కడికి కరెంటు కూడా చుట్టంచూపుగా వస్తుంది."

"గవర్నమెంటు ఆసుపత్రి బాబాయ్. రెండేళ్ళుగా నర్సు లేదట."

"డాక్టరైనా ఉన్నాడా?"

"వారానికి మూడు రోజులు వస్తారట."

"మిగతా నాలుగు రోజులు?"

"నేనుంటాను."

ఆ మాట అని, ఆమె తన ట్రంకుపెట్టె తాళం ఒకసారి లాగి చూసుకుంది.

ఇంతలో బస్సు వచ్చింది. బాబాయి జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, కిటికీ పక్క సీటు మీద తన కండువా వేసి, ఆమె ట్రంకుపెట్టె తనే పైకెక్కించాడు.

"మా తోటలో కాయలు కోసేవాళ్ళందరికీ చెప్తాలే," అన్నాడు చెమట తుడుచుకుంటూ, "పడదలుచుకుంటే ఆ నాలుగు రోజుల్లోనే పడమని."